నాయిన బీపీ గోలీ, యూరప్ వాడి రూలు

పోయిన నెలలో ఊరికి వెళ్ళొచ్చాను. మాది గద్వాల అవతల, అయిజ వైపు. వెళ్ళిన రోజు సాయంత్రమే నాయినకి బీపీ చూస్తే పైది 170 దాటింది. నాలుగేళ్ళుగా టెల్మిసార్టాన్ గోలీ వాడుతున్నాడు. "రోజూ వేసుకుంటున్నావా నాయినా?" అని అడిగితే, "ఒక్క దినం తప్పలేదు, కావాలంటే మీ అమ్మనడుగు" అన్నాడు. అమ్మని అడిగాను. ఆమె కూడా అదే మాట. మరునాడు గద్వాలలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బీపీ చూసి, చీటీ చూసి, ఏ మాత్రం ఆలోచించకుండా "కంపెనీ మార్చి చూద్దాం" అన్నాడు.

మందు అదే, పవరు అదే, కంపెనీ మాత్రం వేరే. పదిహేను రోజుల తరవాత 140కి వచ్చింది.

ఈ "కంపెనీ మార్చి చూద్దాం" అనే మాట మీరూ వినే ఉంటారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళున్న ప్రతి ఒక్కరూ వినే ఉంటారు. సర్వరు నెమ్మదిగా ఉందని కంప్లైంటు వస్తే లాగు కూడా చూడకుండా "రీస్టార్ట్ చేసి చూడు" అంటామే, అచ్చం అలాంటిదే. నిజంగానే పని చేస్తుంది. కానీ ఎందుకు పని చేసిందో ఎవరికీ తెలీదు. పాత గోలీ మంచిది కాదా? కొత్తది మంచిదా? లేక ఆ పదిహేను రోజులూ నేను ఫోన్ చేసి సతాయించడం వల్ల నాయిన ఊరగాయ తగ్గించాడా?

సరే, ఊరికే ఉండలేక పాత గోలీలు ఏవీ అని వెతికాను. ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి, విడివిడిగా. షీటులోంచి అన్నీ ఒకేసారి ఒత్తి తీసి, రోజూ చించుకోవడం ఎందుకని డబ్బాలో పోసుకున్నాడు. ఇంకో రెండు మాత్రం షీటు ముక్కలో ఉన్నాయి. మెడికల్ షాపులో కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్క. దాని మీద కంపెనీ పేరులో సగం ఉంది. బ్యాచ్ నంబరు లేదు. ఎక్స్‌పైరీ లేదు. అవి ఉన్న ముక్క ఇంకెవరింటికో వెళ్ళింది.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను చేసేది సాఫ్ట్‌వేరే కానీ బ్యాంకులకీ, షాపింగ్ సైట్లకీ కాదు. మందుల కంపెనీల ల్యాబుల్లో వాడే సిస్టమ్స్‌ని వాలిడేట్ చేసే టీములో ఉన్నాను. హైదరాబాదులో ఈ పని చేసేవాళ్ళు వేలల్లో ఉన్నారు, మీలో కూడా ఉండొచ్చు. యూరప్ వాడి రూలు, అమెరికా వాడి రూలు రెండూ మాకు కంఠతా వచ్చు. ఈ మధ్య మరీ ఎక్కువగా యూరప్ వాడివే చదువుతున్నాను, ఎందుకంటే అక్కడ ఒకదాని తరవాత ఒకటి మారుతున్నాయి. ఆ కళ్ళతో నాయిన డబ్బా చూసేసరికి ఏదోలా అనిపించింది. అదే ఈ టపా.

మొదట బార్‌కోడు సంగతి. 2019 ఫిబ్రవరి 9 నుంచి యూరోపియన్ యూనియన్‌లో డాక్టరు చీటీ మీద అమ్మే మందుల్లో దాదాపు అన్నిటికీ, పెట్టె పెట్టెకీ వేరే సీరియల్ నంబరు ఉండాలి. చిన్న చదరపు కోడు, అందులో ప్రోడక్టు కోడు, సీరియల్ నంబరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ. తయారు చేసినవాడు ఆ నంబరుని సెంట్రల్ సిస్టమ్‌లో పెడతాడు. మందులషాపు వాడు అమ్మేటప్పుడు స్కాన్ చేస్తాడు, ఆ క్షణంలో ఆ నంబరు "వాడేశారు" అని మారిపోతుంది. అదే నంబరుతో ఇంకో పెట్టె వస్తే సిస్టమ్ అరుస్తుంది. పెట్టె ఎవరైనా విప్పి మూసినా తెలిసేలా సీలు కూడా ఉండాలి. మనవాళ్ళకి ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ కనపడదు. ఒక టేబులు, ఒక యునీక్ కీ, ఒక స్టేటస్ ఫీల్డు. కష్టమంతా దాన్ని అన్ని దేశాల్లో, అన్ని షాపుల్లో నడిపించడంలోనే ఉంది.

ఇప్పుడు మా దారి చూడండి. హైదరాబాదు నుంచి వనపర్తికి గానీ గద్వాలకి గానీ బస్సు ఎక్కితే జడ్చర్ల మీదుగా పోవాలి. నాగర్‌కర్నూలు బస్సులు కూడా చాలా వరకు అటే. ఆ దారిలోనే పోలేపల్లి. ఒకప్పుడు రైతుల పొలాలు, తరవాత ఫార్మా సెజ్. ఆ భూముల కోసం పెద్ద గొడవే జరిగింది, భూమి పోయినవాళ్ళు ఎన్నికల్లో సొంతంగా నామినేషన్లు వేసి మరీ పోటీ చేశారు. అరబిందో, హెటెరో లాంటి కంపెనీల ఫ్యాక్టరీలు అక్కడున్నాయి. అమెరికాకీ, యూరప్‌కీ మందులు వెళ్ళే ఏరియా అది. మా జిల్లాల పిల్లలు అక్కడ షిఫ్టుల్లో పని చేస్తారు. మా బాబాయి కొడుకు ఇలాంటి ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు లైను మీద ఉన్నాడు (ఏ కంపెనీయో చెప్పను, వాడి ఉద్యోగం వాడిది). వాడి పనే ఈ సీరియల్ నంబర్ల ప్రింటింగు సరిగ్గా పడుతుందా లేదా చూడటం. జర్మనీలో ఎవరో ముసలాయన తీసుకునే పెట్టె మీద నంబరు తప్పు పడితే వాడు లైను ఆపుతాడు. సాయంత్రం వాళ్ళ నాన్నకి షుగరు గోలీలు కొనడానికి వెళ్తే, కత్తెరతో కత్తిరించిన ముక్క తెచ్చుకుంటాడు.

మన దేశంలో ఏమీ చెయ్యలేదని కాదు. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద బార్‌కోడు గానీ క్యూఆర్ కోడు గానీ ఉండాలన్నారు. స్కాన్ చేస్తే పేరు, తయారీదారు, బ్యాచ్, తేదీలు, లైసెన్సు నంబరు వస్తాయి. మంచిదే. కానీ షీటు మీద రాసి ఉన్నదే కోడులో మళ్ళీ రాసి ఉంది. అమ్మేటప్పుడు దాన్ని ఎవరూ ఏ సెంట్రల్ సిస్టమ్‌తోనూ సరిపోల్చరు. నకిలీవాడు షీటుని కాపీ కొట్టినప్పుడు కోడుని కాపీ కొట్టలేడా? పైగా పెట్టె మీదనో షీటు మీదనో ఒక చోట ఉండే కోడు, పది గోలీల షీటుని మూడు ముక్కలు చేసే అలవాటు ఉన్న చోట ఎవరికి ఉపయోగం?

కాగితం సంగతి ఇంకా బాధ కలిగించింది. టెల్మిసార్టాన్ తేమ పడని మందు. ఈ విషయం నాకు నాయిన డబ్బా చూసిన రాత్రి తెలిసింది. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సైటులో మికార్డిస్ అనే బ్రాండు పేజీ తెరిస్తే, రోగికిచ్చే కాగితం మొత్తం ఉంటుంది. గోలీని తేమ తగలకుండా అసలు ప్యాకింగులోనే ఉంచాలని, వేసుకునే ముందు మాత్రమే షీటులోంచి తీయాలని అందులో రాసి ఉంది. అంటే నాయిన వానాకాలమంతా డబ్బాలో పోసుకుని వేసుకున్న గోలీల్లో సత్తువ ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి. కంపెనీ తప్పు ఏమీ లేకపోవచ్చు. డాక్టరు కంపెనీ మార్చినప్పుడు కొత్త షీటు వచ్చింది, నాయిన ఇంకా దాన్ని డబ్బాలో పొయ్యలేదు, అంతే కావచ్చు! ఏది నిజమో తేల్చడానికి నా దగ్గర బ్యాచ్ నంబరు కూడా లేదు.

ఆ కాగితం ఆ సైటులో ఇంగ్లీషులోనే కాదు, యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఉంది. అక్కడ చట్టం ప్రకారం మందు ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు భాషలో కాగితం పెట్టెలో ఉండాలి. పెట్టె మీద మందు పేరు చూపులేని వాళ్ళ కోసం బ్రెయిలీలో కూడా ఉండాలి. ఎస్టోనియా అని ఒక దేశం ఉంది, జనాభా సుమారు 13 లక్షలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు మూడూ కలిపితే 2011 లెక్కల ప్రకారమే 20 లక్షల పైచిలుకు. ఎస్టోనియా వాళ్ళకి బీపీ గోలీ కాగితం వాళ్ళ భాషలో ఉంది. 8 కోట్ల మంది తెలుగువాళ్ళకి లేదు. ఇంటర్నెట్టులో తెలుగు వెలగాలని మనమందరం ఎంత తాపత్రయపడ్డామో గుర్తుంది కదా, ఫాంట్లనీ, కీబోర్డులనీ. ఫోనులో తెలుగు వచ్చేసింది. గోలీల షీటు మీదకి రాలేదు. నాయిన ఏడో తరగతి దాకా చదివాడు, పేపరు పొద్దున్నే మొత్తం చదువుతాడు. తెలుగులో ఒక్క వాక్యం ఉండుంటే డబ్బాలో పోసేవాడు కాదు.

ఇక అసలు కథకొస్తాను, హైదరాబాదులో జరిగినది. మన ఇండస్ట్రీ వాళ్ళలో చాలామంది మరిచిపోయారు.

2014 మేలో ఫ్రాన్సు మందుల నియంత్రణ సంస్థ వాళ్ళు హైదరాబాదులో జీవీకే బయోసైన్సెస్ కేంద్రాన్ని తనిఖీ చేశారు. ఈ కేంద్రంలో జరిగేది బయోఈక్వివలెన్స్ స్టడీలు. తెలియనివాళ్ళ కోసం: జెనెరిక్ గోలీ చేసినవాడు, అది అసలు బ్రాండు గోలీ లాగే రక్తంలోకి వెళ్తుందని చూపించాలి. ఆరోగ్యంగా ఉన్న కొంతమందికి ఒకసారి ఇదీ, కొన్ని రోజులాగి ఇంకోసారి అదీ ఇచ్చి, గంట గంటకీ రక్తం తీసి, మందు మోతాదు కొలుస్తారు. రెండిటి నిష్పత్తి, దాని చుట్టూ ఉండే అంచనా హద్దులతో సహా, 80 నుంచి 125 శాతం మధ్యలో పడితే పాసు. ఆ తనిఖీలో చూసిన తొమ్మిది స్టడీల్లోనూ ఈసీజీలు తారుమారు చేసినట్టు తేలింది. ఒకే మనిషి ఈసీజీని వేరే వాలంటీర్ల పేరు మీద పెట్టారు. కనీసం అయిదేళ్ళుగా ఇది జరిగినట్టు కనపడింది.

2015 జనవరిలో యూరోపియన్ ఏజెన్సీ కమిటీ, ఆ కేంద్రం స్టడీల మీద ఆధారపడి అనుమతి పొందిన వెయ్యికి పైగా మందుల్ని పరిశీలించి, సుమారు 700 మందుల అనుమతులు నిలిపెయ్యాలంది (ఒకే మందులో పవర్లు, రూపాలు విడివిడిగా లెక్కేస్తే). మేలో మళ్ళీ చూసి అదే మాట మీద నిలబడింది. యూరోపియన్ కమిషన్ దాన్ని అన్ని దేశాలకీ వర్తింపజేసింది, ఆగస్టు 21 నుంచి అమలు. ప్రత్యామ్నాయం లేని ముఖ్యమైన మందులకి మాత్రం గడువిచ్చారు. ఆ మందుల వల్ల ఎవరికైనా హాని జరిగిందనడానికి గానీ, అవి పని చెయ్యలేదనడానికి గానీ ఆధారం లేదని ఏజెన్సీయే చెప్పింది.

మన వైపు నుంచి ఏమన్నారు? అప్పుడు పేపర్లలో చదివే ఉంటారు. బయోఈక్వివలెన్స్ తేల్చడానికి ఈసీజీ అవసరం లేదని కంపెనీ వాదించింది. ఈ మందులు ఏళ్ళ తరబడి యూరప్‌లో వాడుతున్నా ఏ దేశం నుంచీ ఫిర్యాదు రాలేదని మన వాణిజ్య శాఖ అంది. 2015 ఆగస్టు మొదట్లో, ఆ నెలాఖరుకి జరగాల్సిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చల్ని భారత ప్రభుత్వం వాయిదా వేసింది. మా ఆఫీసులో కూడా భోజనాల దగ్గర అదే మాట: "జెనెరిక్స్‌ని తొక్కెయ్యడానికి తెల్లవాళ్ళు ఆడే నాటకం."

నాకూ అప్పట్లో సగం అలాగే అనిపించింది. ఇప్పుడనిపించట్లేదు. ఒక టెస్టరు వంద టెస్ట్ కేసుల్లో ఒక దానికి స్క్రీన్‌షాట్ కాపీ పేస్ట్ చేశాడని తెలిసిందనుకోండి. "ఆ కేసు అంత ముఖ్యమైంది కాదు సార్, లాగిన్ పేజీ రంగు గురించి" అంటే మీరు ఒప్పుకుంటారా? మిగతా తొంభై తొమ్మిదీ నమ్ముతారా? మళ్ళీ మొదట్నుంచి రన్ చెయ్యమంటారు. యూరప్ వాడు చేసిందీ అదే, వేరే చోట చేసిన స్టడీ ఉంటే చూపించండి, లేకపోతే కొత్తది చెయ్యండి అన్నాడు. చూపించగలిగిన మందులు మూడొందలకి పైగా నిలబడ్డాయి కూడా.

కానీ నన్ను ఇప్పటికీ గుచ్చేది వేరే ఉంది. "ఈసీజీ ఇందులో అవసరం లేదు" అన్న మాట ఒక రకంగా నిజమే. గోలీ సంగతి తేల్చడానికి ఈసీజీ అక్కర్లేదు. మరి ఎందుకు తీస్తారు? ఆ వాలంటీరు గుండె బాగుందో లేదో చూడటానికి తీస్తారు! ముందు తీసేది, వీడికి మందు ఇవ్వొచ్చా అని. తరవాత తీసేది, వీడిని ఇంటికి పంపొచ్చా అని. ఎవరిదో ఈసీజీ ఇంకెవరి ఫైల్లోనో పెట్టారంటే, ఆ ఫైలు మనిషి గుండె ఎలా ఉందో ఎవరూ చూడలేదన్నమాట. యూరప్ వాడు డేటా గురించి మాట్లాడాడు. మనవాడు వ్యాపారం గురించి మాట్లాడాడు. ఫైల్లో ఎవరి గుండె లేదో ఆ మనిషి గురించి నేను చదివినంతలో ఒక్కరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ మనుషులు ఎవరో నాకు కొంచెం తెలుసు. 2009లో ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో ఉండేవాణ్ణి. వనపర్తి రాజాగారి ప్యాలెస్‌లో ఉండే పాలిటెక్నిక్‌లో డిప్లొమా, తరవాత ఇంజనీరింగు, తరవాత రిసెషను :) అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్చుకుంటూ, ఇంటికి ఫోన్ చేసి డబ్బులడగడానికి మొహం చెల్లక తిరిగే రోజులు. నా రూములో అలంపురం వైపు వాడొకడుండేవాడు. నెలకో రెణ్ణెల్లకో శుక్రవారం సాయంత్రం బ్యాగు సర్దుకుని "స్టడీకి పోతున్నా" అనేవాడు. మొదట్లో నేను కంబైన్డ్ స్టడీ అనుకున్నాను. ఆదివారం రాత్రి మోచేతి మడత నల్లగా కమిలిపోయి వచ్చేవాడు, జేబులో కొన్ని వేలు. ఏ మందు ఇచ్చారంటే వాడికి తెలీదు. సంతకం పెట్టిన కాగితాల్లో ఏముందంటే నవ్వాడు. నేను పైన చెప్పిన కంపెనీ కాదు అది, వేరే చోటు. అక్కడ తప్పు జరిగిందని కూడా నేను అనట్లేదు. ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య మూణ్ణెల్లు గ్యాప్ ఉండాలని వాడికి చెప్పారు. వాడు ఆగలేదు. రెండు వేరే వేరే కేంద్రాలకి వేరే వేరే ఐడీ కార్డులతో వెళ్ళాడు. ఫ్రాన్సులో ఇలా వాలంటీర్లు ఒకేసారి రెండు చోట్లకి వెళ్ళకుండా జాతీయ స్థాయిలో జాబితా ఉంది. మన దగ్గర ఇంత డేటాబేసుల గొప్పలు చెప్పుకుంటాం, వాణ్ణి ఆపే డేటాబేసు మాత్రం అప్పుడు ఒక్కటీ లేదు.

నన్ను కూడా ఒకసారి రమ్మన్నాడు. ధైర్యం చాలక వెళ్ళలేదు. ఆ నెల వాడే నా మెస్సు బిల్లు కట్టాడు.

జీవీకే సంగతి ఒక్కటే అయితే పాత కథ అనుకోవచ్చు. 2023 డిసెంబరులో పుణెలోని సినాప్స్ ల్యాబ్స్ విషయంలో యూరోపియన్ ఏజెన్సీ మళ్ళీ అలాంటి సిఫార్సే చేసింది, ఈసారి 400కి పైగా మందులు. స్పెయిను వాళ్ళ తనిఖీతో మొదలైంది. 2024 మార్చిలో మళ్ళీ పరిశీలించి కూడా మార్చుకోలేదు. మన నియంత్రణ సంస్థలు ముందుగా పట్టుకుని, మేం పట్టుకున్నాం అని ప్రపంచానికి చెప్పిన కేసు ఇంత పెద్దది ఒక్కటి నాకు గుర్తు రావట్లేదు.

అన్నట్టు ఇంకో చేదు విషయం. 2015లో యూరప్ వాడు ఈసీజీ దొంగతనానికి 700 మందులు ఆపుతున్నప్పుడు, మన దేశంలో చట్టం ఎలా ఉందో తెలుసా? కొత్త మందు అనుమతి పొందిన నాలుగేళ్ళ దాకానే దాన్ని "కొత్త మందు"గా చూసేవారు. నాలుగేళ్ళు దాటాక రాష్ట్ర స్థాయిలో లైసెన్సు తీసుకునే కంపెనీకి బయోఈక్వివలెన్స్ స్టడీ తప్పనిసరి కాదు. 2017 ఏప్రిల్లో రూలు మార్చి, నీళ్ళలో తేలిగ్గా కరగని రకాల మందులకి మాత్రం తప్పనిసరి చేశారు. టెల్మిసార్టాన్ ఆ రకమే. కానీ అది కొత్తగా లైసెన్సు అడిగేవాళ్ళకి. అంతకు ముందే లైసెన్సు ఉన్న గోలీ? నాయిన షీటు ముక్క మీద సగం పేరున్న ఆ కంపెనీకి ఎప్పటి లైసెన్సో నేనెలా కనుక్కోవాలి? వాళ్ళు స్టడీలో మోసం చేశారా అని యూరప్‌లో అడుగుతారు. అసలు స్టడీ చేశారా అని ఇక్కడ అడగడానికి దారి లేదు.

ఇది చదివి యూరప్ వాడికి హారతి పడుతున్నాననుకోకండి. వాడి రూలు వాడి మనిషి కోసం. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ దొరికింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ! శుద్ధి చేశాక ఉన్న నీళ్ళ సంగతి ఇది. అక్కడ తయారైన మందులు ఎవరు కొన్నారు? చవగ్గా కావాలని బేరమాడింది ఎవరు? 2024 నవంబరులో యూరప్ మురుగునీటి చట్టం కొత్తగా రాశారు: అక్కడి మురుగునీళ్ళలోంచి మందుల అవశేషాలు తీసే ఖర్చులో కనీసం 80 శాతం మందులూ, కాస్మెటిక్సూ అమ్మే కంపెనీలే భరించాలి. కంపెనీలు దాని మీద కోర్టుకెళ్ళాయి. న్యాయమైన చట్టమే, కానీ అది యూరప్ మురుగునీళ్ళ గురించి. జడ్చర్ల చెరువుల గురించి కాదు. 2023 ఏప్రిల్లో కమిషన్ ప్రతిపాదించిన మందుల చట్టాల సంస్కరణలో మాత్రం, యాంటీబయాటిక్స్ తయారయ్యే చోట, అది యూరప్ బయట అయినా సరే, జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలనే మాట ఉంది. దాన్ని గట్టిగా పట్టుకోమని బ్రస్సెల్స్‌లో అడగాల్సింది మనం. మనవాళ్ళు అక్కడికి వెళ్ళి అడిగేది ఎగుమతులకి అడ్డు పెట్టొద్దని.

అదే సంస్కరణలో కాగితం బదులు ఎలక్ట్రానిక్ కాగితం గురించి కూడా ఉంది. 2025 డిసెంబరులో పార్లమెంటుకీ, మంత్రుల మండలికీ ఆ మొత్తం ప్యాకేజీ మీద ప్రాథమికంగా ఒప్పందం కుదిరింది. వాళ్ళు కాగితం దాటి ఫోనులోకి వెళ్ళడం గురించి కొట్టుకుంటున్నారు, మనం కాగితం దాకా రాలేదు.

నా పనికి దగ్గరిది ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. యూరప్ తయారీ నియమాల్లో అనెక్స్ 11 అని కంప్యూటర్ సిస్టమ్స్ గురించి ఉంటుంది. 2011 నుంచి ఉన్నదే, 2025 జులైలో చాలా పెద్దది చేసి కొత్త డ్రాఫ్టు ఇచ్చారు, దాంతో పాటు ఏఐ గురించి అనెక్స్ 22 అని ఇంకోటి. అందులో ప్రాణమంతా ఆడిట్ ట్రెయిల్‌లో ఉంది: ఎవరు, ఎప్పుడు, ఏ విలువ మార్చారు, ఎందుకు. దీన్ని మనవాళ్ళు ఎలా చూస్తారో నేను కళ్ళారా చూశాను. ఒక క్లయింటు ల్యాబులో (పేరొద్దు) ఆరుగురికీ ఒకటే లాగిన్. పాస్‌వర్డు మానిటర్ మీద అంటించి ఉంది. ఎగుమతి ల్యాబులో మాత్రం వేలిముద్రలు, విడివిడి లాగిన్లు, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక గాజు తలుపు. నేను పిల్లకాకిని కాబట్టి "ఇక్కడ కూడా అలాగే పెట్టొచ్చు కదా సార్" అన్నాను. "ఇది డొమెస్టిక్ బాబూ" అన్నాడాయన, చాలా మామూలుగా, నాకేదో తెలియని విషయం ఓపిగ్గా చెబుతున్నట్టు.

ఆ మాట నేను మా చిన్నాయనకి చెప్పాను. ఆయన సీడ్ పత్తి వేస్తాడు. నడిగడ్డలో సీడ్ పత్తి అంటే తెలుసుగా, ఆడా మగా మొక్కలు వేరు చేసి చేత్తో క్రాసింగ్ చేసి, గింజ కంపెనీకి ఇస్తారు. కంపెనీ ఆ గింజని జీవోటీ అనే పరీక్షకి పంపుతుంది. పాసయితే డబ్బులు, ఫెయిలయితే లేవు. ఆ పరీక్ష రైతు కళ్ళతో చూడడు. రిపోర్టు ఒక మాట: ఫెయిలు. చిన్నాయన నా కథంతా విని, "అయితే గోలీల కాడ కూడా పాసైందా ఫెయిలైందా వాడు చెప్తేనే మనకి తెలుసన్నమాట" అన్నాడు. కాసేపాగి, "మాకన్నా ఫెయిలని చెప్తరు" అన్నాడు.

ఏం చెయ్యాలి అని అడిగితే నా దగ్గర పెద్ద పథకాలేం లేవు. యూరప్‌లో యూడ్రాజీఎండీపీ అని ఒక డేటాబేసు ఉంది, ఎవరైనా తెరిచి కంపెనీ పేరు కొడితే ఏ ఫ్యాక్టరీ తనిఖీలో పాసయింది, ఏది ఫెయిలయింది కనపడుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీల గురించి నేను ఇంట్లో కూర్చుని అక్కడ చదువుతాను. నా దేశం వాళ్ళు చేసిన తనిఖీల గురించి అలా పేరు కొట్టి చదువుకునే చోటు నేను వెతికి వెతికి వదిలేశాను. నెల నెలా నాసిరకం అని తేలిన మందుల జాబితా మన కేంద్ర సంస్థ సైటులో పెడుతుంది, అది నిజంగా మంచి పని. కానీ అందులో వెతకాలంటే బ్యాచ్ నంబరు కావాలి. బ్యాచ్ నంబరు కత్తెర అవతలి ముక్కలో ఉంది! ప్రతి గోలీ గుంట వెనకా బ్యాచ్, ఎక్స్‌పైరీ ముద్రించమనడానికి ఒప్పందాలూ, పార్లమెంటులూ అక్కర్లేదు. ప్రింటింగు సిలిండరు మారిస్తే చాలు.

ఇంకోటి, మా మూడు జిల్లాల్లో ఇప్పుడు మూడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూలు 2022లో, గద్వాల 2024లో. నేను చదువుకునే రోజుల్లో ఊహకి కూడా అందని విషయం. ఆ కాలేజీల్లో "కంపెనీ మార్చి చూద్దాం" అని రాసిన ప్రతిసారీ పాత కంపెనీ, పాత బ్యాచ్, ముందు బీపీ, తరవాత బీపీ ఒక చోట రాసి పెడితే? నాలుగు కాలమ్‌లు. ఏడాది తిరిగేసరికి ఏ గోలీ పదే పదే మారుస్తున్నారో తెలిసిపోతుంది. మందు వల్ల ఇబ్బంది వస్తే చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం నంబరు ఒకటి ఉంది, 1800-180-3024. మా ఊళ్ళో ఒక్కరికి కూడా ఆ నంబరు తెలీదు. నాకే మొన్నటిదాకా తెలీదు, నేను ఈ రంగంలో పదిహేనేళ్ళ నుంచి ఉన్నాను.

గద్వాల చీరకి భౌగోళిక గుర్తింపు ఉంది. దుకాణంలో కూర్చుని అసలుదేనా అని జరీ గీకి చూసి మరీ కొంటాం. మా అమ్మ అయితే షాపువాడిని ఏడిపించి గానీ వదలదు. అదే అమ్మ మెడికల్ షాపులో వాడు ఏమిస్తే అది కొంగులో కట్టుకుని వస్తుంది.

తిరిగి వచ్చే ముందు నాయినకి డబ్బా పారేయించాను. షీటు మొత్తం కొనాలని, కత్తిరించనివ్వొద్దని, కొన్న రోజే వెనక వైపు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాలని చెప్పాను. "అంత చదువు చదివి గోలీలు లెక్కపెడ్తున్నవారా" అని నవ్వాడు. మొన్న ఆదివారం మొదటి ఫోటో వచ్చింది. మసగ్గా ఉంది, కానీ బ్యాచ్ నంబరు కనపడుతోంది. దాని కింద వాయిస్ మెసేజి: షాపువాడు షీటు మొత్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదట, మూడు రోజులాగి కొత్త బాక్సు తెప్పించాడట, "మీ కొడుకు ఏమన్న ఇన్స్పెక్టరా?" అని అడిగాడట.